షేర్డ్ స్టోరేజీలో ఫైలు మారినా ఒక వెబ్ సర్వర్ పాతదే చూపిస్తుంటే ఎక్కడ వెతకాలి?

ఒంగోలు నుంచి మీరు అడిగినది క్లుప్తంగా ఇది: రెండు వెబ్ సర్వర్లు ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్ నుంచి ఫైళ్లు తీసుకుంటున్నాయి, గ్రానైట్ స్టాకు పట్టిక మార్చాక ఒకటి కొత్తది, మరొకటి పాతది చూపిస్తోంది, రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటోంది, కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎస్ క్యాషెను (వేగం కోసం దాచుకునే తాత్కాలిక ప్రతిని) పూర్తిగా ఆపేయవచ్చా? అప్పుడే ఆపవద్దని నా సలహా. రీస్టార్ట్ కూడా కాస్త ఆగి చేయండి, ఎందుకంటే అది లోపంతో పాటు దాని ఆనవాళ్లను కూడా తుడిచేస్తుంది.

ముందుగా పాత ప్రతి ఎవరి దగ్గర ఉందో తేల్చాలి. స్టోరేజీ యంత్రంలో ఆ ఫైలుకు ఎండీ5సమ్ (ఫైలులోని విషయం నుంచి లెక్కించే గుర్తు సంఖ్య) తీయండి. పాతది చూపిస్తున్న వెబ్ సర్వర్‌లో, షేర్‌ను మౌంట్ చేసిన (జతచేసిన) చోటు నుంచి అదే ఫైలుకు మళ్లీ తీయండి. ఆ తరువాత అదే యంత్రంలో కర్ల్ అనే కమాండ్‌తో 127.0.0.1 (ఆ యంత్రం సొంత చిరునామా) నుంచి పేజీని తెప్పించి చూడండి. మొదటి రెండూ సరిపోలకపోతే తేడా ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌లో (షేర్‌ను వాడుకునే యంత్రం వైపు) ఉంది. అవి సరిపోలినా కర్ల్ పాతదే ఇస్తుంటే వెబ్ సర్వర్‌నో, పేజీని తయారుచేసే పీహెచ్‌పీనో అనుమానించాలి. కర్ల్ కూడా కొత్తదే ఇస్తుంటే సర్వర్‌కు ముందున్న ప్రాక్సీనో (మధ్యవర్తి సర్వర్‌నో), బ్రౌజర్‌నో చూడాలి.

నెల్లూరులో మేము రొయ్యల రోజువారీ ధరల పేజీ నడిపినప్పుడు దాదాపు ఇదే ఎదురైంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులు పట్టుబడికి ముందు ఫోనులో ధర చూసుకుంటారు. ఒకే ఫోనులో పేజీని రెండుసార్లు తెరిస్తే వంద కౌంట్‌కు (కిలోకు వంద రొయ్యలు తూగే సైజుకు) రెండు ధరలు కనిపించేవి. అందరూ షేర్‌నే తప్పుపట్టారు. అయితే అదే పేజీలోని ధరల పీడీఎఫ్ మాత్రం రెండు సర్వర్లలోనూ కొత్తదే వచ్చేది. పీడీఎఫ్ కూడా అదే షేర్‌లో ఉన్నప్పుడు షేర్ ఒక ఫైలును మాత్రమే పాతగా ఉంచుతుందా? పేజీలోని ధరలు పీహెచ్‌పీ ఫైలులో అర్రేగా (జాబితాగా) ఉండేవి; ఒక సర్వర్‌లో, కంపైల్ చేసిన పీహెచ్‌పీని దాచుకునే ఓపీక్యాషెకు చెందిన వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్ విలువ 0గా ఉండటం వల్ల అది ఒకసారి కంపైల్ చేసిన ఫైలు మారిందో లేదో మళ్లీ చూసేదే కాదు. విలువను 1 చేయగానే సమస్య తీరింది. ఎన్ని సెకన్లకోసారి చూడాలో చెప్పే రీవ్యాలిడేట్ ఫ్రీక్వెన్సీని మార్చే అవసరం రాలేదు, డిఫాల్ట్‌గా ఉండే 2 సెకన్లే సరిపోయాయి. వేగం కోసం కావాలనే 0 పెట్టుకున్నవారు ఫైలు మార్చిన ప్రతిసారీ, పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంను రీలోడ్ చేయాలి. మీ స్టాకు పట్టిక పీహెచ్‌పీ ద్వారా వస్తుంటే, రీస్టార్ట్ చేసేదాకా అది పాతగానే ఉంటుంటే, నేను మొదట చూసేది ఇదే.

ఎన్‌ఎఫ్‌ఎస్ విషయానికొస్తే, లినక్స్ క్లయింట్ ఫైలు వివరాలను (పరిమాణం, మార్చిన సమయం వంటివి) డిఫాల్ట్‌గా 3 నుంచి 60 సెకన్ల వరకు, డైరెక్టరీ వివరాలను 30 నుంచి 60 సెకన్ల వరకు దాచుకుంటుంది. అందువల్ల నిమిషంలోపు తేడా దాని సహజ ప్రవర్తనే. గంటలు గడిచినా పాతదే వస్తుంటే వేరే కారణం వెతకాలి. కొత్తగా పెట్టిన ఫైలు కాసేపు 'లేదు' అని వస్తుంటే, లేని పేరును కూడా క్లయింట్ గుర్తుపెట్టుకోవడమే కారణం కావచ్చు; మౌంట్‌లో లుకప్‌క్యాషె=పాజిటివ్ అని ఇస్తే ఆ అలవాటు పోతుంది. విండోస్ షేర్ వాడేవారికి ఈ గడువులు చిన్నవి: డైరెక్టరీకి 10, లేని ఫైలుకు 5 సెకన్లు.

వెబ్ సర్వర్ వైపు, అపాచీలో ఎనేబుల్‌సెండ్‌ఫైల్, ఎనేబుల్‌ఎంమ్యాప్ (ఫైళ్లను వేగంగా పంపే అమరికలు) రెండింటినీ నెట్‌వర్క్ షేర్ ఉన్న డైరెక్టరీ వరకైనా ఆఫ్ చేయండి. 2.4లో మొదటిది డిఫాల్ట్‌గా ఆఫే. రెండోది ఆన్‌లో ఉంటుంది, అపాచీ మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ఫైలును మరొకరు తొలగించినా, కత్తిరించినా ప్రాసెస్ కూలిపోవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, తెరిచిన ఫైళ్లను గుర్తుంచుకునే ఓపెన్ ఫైల్ క్యాషె గడువును ఎవరైనా గంటలకు పెంచారేమో చూడండి. ఫైలు మారగానే కబురు చెప్పే లినక్స్ సదుపాయం ఐనోటిఫైపై ఆధారపడే ప్రోగ్రాములను నమ్మవద్దు. మరో యంత్రం చేసిన మార్పు గురించి ఎన్‌ఎఫ్‌ఎస్ మీద దానికి కబురు అందదు.

ఇవన్నీ చూశాక కూడా ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గరే తేడా ఉందని తేలితే, ఆ ఒక్క మౌంట్‌కు యాక్టిమియో=5 (వివరాలను 5 సెకన్లే దాచుకోవడం) వంటి చిన్న విలువ ఇచ్చి చూడండి. మీరు అనుకున్నట్టు క్యాషెను ఆపే నోఏసీ అనే మౌంట్ ఆప్షన్ వివరాల క్యాషెను ఆపడమే కాక, ప్రతి రాతనూ వెంటనే స్టోరేజీకి పంపి పూర్తయ్యేదాకా వేచి ఉండేలా చేస్తుంది. సందర్శకులు ఎక్కువగా ఉన్న వేళ ఆ నెమ్మది అందరికీ తెలుస్తుంది.