పరిచయం లేనివారికి ఫోన్ చేసి అమ్మడం ఇకపై కుదురుతుందా?

ప్రశ్న: మేం ఇళ్ల పైకప్పుల మీద సోలార్ ప్యానెళ్లు పెడతాం. ముగ్గురు టెలీకాలర్లు మామూలు సిమ్‌ల నుంచి రోజుకు తలో వంద ఫోన్లు చేస్తారు. ఈమధ్య రెండు నంబర్లకు అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. కొత్త సిమ్‌లు తీసుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. మామూలు 10 అంకెల నంబరు నుంచి ప్రచారం కోసం ఫోన్ చేయడమే నిబంధనలకు విరుద్ధం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణతో పట్టు ఇంకా బిగిసింది. ఇదివరకు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు వస్తే చర్య తీసుకునేవారు. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. లెక్క చూడండి: రోజుకు వంద చొప్పున 10 రోజుల్లో ఒక్కో నంబరు నుంచి వెయ్యి ఫోన్లు వెళ్తాయి. 200 మందిలో ఒక్కరు విసుగొచ్చి ఫిర్యాదు చేసినా ఐదూ నిండిపోతాయి. వాళ్లు డీఎన్‌డీలో (ప్రచారం కాల్స్ వద్దన్నవారి జాబితాలో) నమోదై ఉండాలన్న నియమం కూడా లేదు. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆపుతారు. మళ్లీ దొరికితే మీ పేరున ఉన్న కనెక్షన్లన్నీ ఏడాదిపాటు పోతాయి. అప్పుడు పాత ఖాతాదారులకు కూడా మీ నంబరు పలకదు. అసలు నష్టం అక్కడుంది.

సరైన దారి ఇది. మీ టెలికాం ఆపరేటర్ డీఎల్‌టీ పోర్టల్‌లో (ప్రచారం చేసే సంస్థలు నమోదయ్యే వెబ్‌సైట్‌లో) పాన్, జీఎస్‌టీ పత్రాలతో సంస్థను నమోదు చేయించి, ప్రచారం కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబరు తీసుకోండి. అయితే 140 కనబడగానే ఫోన్ ఎత్తనివారు చాలామంది. అందుకే రోజుకు 300 కాల్స్ అనే లక్ష్యాన్నే వదిలేయమంటాను. ప్యానెళ్లు బిగించిన ప్రతి ఇంటి దగ్గరా చుట్టుపక్కల పది ఇళ్లకు స్వయంగా వెళ్లండి. ఆసక్తి ఉన్నవారి చేత అంగీకార పత్రంలో నంబరు రాయించుకోండి. తర్వాత ఫోన్ చేసినప్పుడు ‘మేడమ్, మంచి ఆఫరుంది’ అని మొదలుపెట్టకుండా, నెల కరెంటు బిల్లు ఎంతో అడగండి. 3 కిలోవాట్లకు కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్ రాయితీ రూ.78,000 అని చెప్పి, వాళ్ల బిల్లు మీదే లెక్క వేసి చూపండి.

ప్రశ్న: అమెరికా కంపెనీలకు ఏఐతో రాయించి రోజుకు రెండు వేల మెయిళ్లు పంపుతున్నాం. అన్నీ స్పామ్‌లోకే పోతున్నాయి. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు కఠినమయ్యాయి. మీ డొమైన్‌కు (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరుకు) ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టించండి. మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లివి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంటే మంచిదని గూగుల్ చెబుతోంది. అంటే వెయ్యి మెయిళ్లలో ముగ్గురు స్పామ్ మీట నొక్కినా ప్రమాదమే.

ముందు పంపడం ఆపండి. ఈ మెయిళ్లకు వేరే డొమైన్ తీసుకుని, ఒక్కో మెయిల్‌బాక్స్ నుంచి రోజుకు పదితో మొదలుపెట్టి, నాలుగు వారాల్లో 30కి పెంచండి. చిరునామాలు ముందే సరిచూసుకోండి. వందలో రెండుకు మించి తిరిగొస్తే జాబితా పనికిరానట్టే. మొదటి మెయిల్ 80 పదాల లోపు, లింకులూ అటాచ్‌మెంట్లూ లేకుండా ఉండాలి. అమెరికా చట్టం ప్రకారం మీ పోస్టల్ చిరునామా, ‘ఇక పంపవద్దు’ అనే వీలు తప్పనిసరి. వద్దన్నవారిని 10 పనిదినాల్లో తొలగించాలి.

ఏఐని రాయడానికి కాదు, చదవడానికి వాడండి. ఆ కంపెనీ ఏ ఉద్యోగాలకు ప్రకటనలిచ్చిందో, ఏ పనిలో చిక్కుకుందో అది వెతికి పెడుతుంది. దాని గురించి మెయిల్ మొదట్లో రాసే ఒక్క వాక్యం మాత్రం మీరే రాయండి. ఇప్పుడు అందరి మెయిళ్లూ ఒకే మూసలో వస్తున్నాయి, చదివేవాళ్లు మొదటి వాక్యంలోనే పసిగడుతున్నారు.

ప్రశ్న: వాట్సాప్ కోసం పది వేల నంబర్ల జాబితా అమ్ముతామంటున్నారు. కొనొచ్చా? – బట్టల దుకాణదారు, గుంటూరు

జవాబు: వద్దు. అనుమతి ఇచ్చినవారికే పంపాలన్నది వాట్సాప్ నియమం. ఎక్కువమంది బ్లాక్ చేస్తే మీ నంబరుకే ముప్పు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు కూడా 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి నిబంధనలకు 18 నెలల గడువు ఉంది. ఆలోపు బిల్లు కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి, ‘కొత్త స్టాకు వస్తే తెలపాలా?’ అని ఒక్కొక్కరినీ అడగండి.