గట్టి అన్న మాట ఎన్ని గుణాలకు?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని. ఇంటర్ దాకా తెలుగు మీడియం కావడంతో నోట్సు ఇప్పటికీ తెలుగులోనే రాసుకుంటాను. పదార్థ శాస్త్రం పాఠంలో స్ట్రెంత్, హార్డ్‌నెస్, టఫ్‌నెస్, స్టిఫ్‌నెస్ అని నాలుగు మాటలు వచ్చాయి. నాలుగింటికీ నాకు ‘గట్టితనం’ అన్న మాటే తడుతోంది. దానికి తోడు, రబ్బరు కంటే ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ అని చెప్పారు. సాగే గుణమే కదండీ స్థితిస్థాపకత? స్ట్రెస్‌ని ఒత్తిడి అనొచ్చా? ఇంకొక్కటి, గట్టితనమా, గట్టిదనమా?

సమాధానం: ‘గట్టి’ మన భాషలో చాలా బరువు మోసే మాట. గట్టి నేల అంటే గునపం దిగనిది. గట్టి తాడు అంటే లాగితే తెగనిది. గట్టి కర్ర అంటే వంగనిది. గట్టి కుండ అంటే దెబ్బ తగిలినా పగలనిది. మాట ఒకటే, కానీ మనం కాదంటున్న క్రియ ప్రతిసారీ వేరు. దిగదు, తెగదు, వంగదు, పగలదు. మీ పాఠంలోని నాలుగు గుణాలూ ఈ నాలుగు క్రియల్లో ఉన్నాయి. నోట్సులో పారిభాషిక పదం కోసం వెతుక్కునే ముందు పక్కన ఈ క్రియ రాసి పెట్టుకోండి, సగం తికమక అక్కడే తీరుతుంది.

హార్డ్‌నెస్ అంటే దిగకపోవడం, గీత పడకపోవడం. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ ఖనిజాలను ఒకదానితో ఒకటి గీకి చూసి పది మెట్ల వరుస కట్టాడు. అట్టడుగున టాల్క్ అనే మెత్తటి ఖనిజం, పైన వజ్రం. 1900లో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ ఉక్కు గుండును లోహం మీద అదిమి, పడిన గుంట వెడల్పును బట్టి లెక్క కట్టాడు. గీకినా, అదిమినా ప్రశ్న ఒకటే, పైపొరలోకి ఏదైనా దిగుతుందా అని. దీనికి తెలుగులో ‘కాఠిన్యం’ సరిపోతుంది. అయితే ‘కాఠిన్యత’ అని రాయకండి, పుస్తకాల్లో కనబడినా సరే. కఠినం నుంచి కాఠిన్యం వచ్చింది, అందులోనే భావార్థం ఉంది. దాని మీద మళ్ళీ ‘త’ చేర్చడం చొక్కా మీద ఇంకో చొక్కా తొడగడం లాంటిది. కఠినత అనండి, కఠినత్వం అనండి, కాఠిన్యం అనండి, ఏదైనా ఒక్కటే. ప్రావీణ్యత, నైపుణ్యత కూడా ఈ కోవలోవే.

టఫ్‌నెస్ దగ్గరే అసలు చిక్కు. మీ ఫోన్ అద్దాన్ని చూడండి. జేబులో ఇత్తడి తాళంచెవితో కలిసి రోజంతా రాసుకున్నా దాని మీద గీత పడదు, ఎందుకంటే ఇత్తడి కంటే గాజుకు కాఠిన్యం ఎక్కువ. అదే ఫోన్ చేయి జారి గచ్చు మీద పడితే మూల నుంచి మూలకు పగులు పాకిపోతుంది. కాఠిన్యం ఉంది, టఫ్‌నెస్ లేదు. గాజు ఉండాల్సిన దానికంటే ఎంతో తక్కువ బలానికే ఎందుకు విరుగుతుందో 1921లో బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ వివరించాడు. కంటికి కనబడని సన్నటి పగుళ్ళు అందులో ముందే ఉంటాయి, లాగినప్పుడు భారమంతా ఆ పగులు కొసన గుమిగూడుతుంది. ఉక్కులో అయితే ఆ కొసన లోహం కాస్త లొంగి సాగుతుంది, పగులు మొద్దుబారి ఆగుతుంది. గాజుకు అలా లొంగడం తెలియదు. అందుకే టఫ్‌నెస్‌ను కొలవడానికి నిదానంగా లాగి చూస్తే చాలదు. 1901లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్పీ ప్రతిపాదించిన పరీక్షలో ముక్కకు ముందుగానే ఒక గాటు పెడతారు, లోలకంలా ఊగే సుత్తితో కొడతారు. ముక్కను విరిచాక సుత్తి అవతలి వైపు ఎంత ఎత్తుకు లేచిందో చూస్తే, విరవడానికి ఎంత శక్తి ఖర్చయిందో తెలుస్తుంది.

ఈ గుణానికి వ్యతిరేక పదం మన దగ్గర చక్కగా ఉంది: పెళుసు. వింటేనే విరిగిన చప్పుడు వినబడే మాట. పెళుసు కానితనానికి మాత్రం అంత నిక్కమైన మాట నాకు కనబడలేదు. మొండితనం అంటే ఎలా ఉంటుందని ఆలోచించాను. కానీ మొండి కత్తి అంటే పదును లేని కత్తి, మొండి చేయి అంటే తెగిన చేయి, ఆ అర్థాలు అడ్డొస్తాయి. దృఢత్వం అందామంటే, భౌతిక శాస్త్రంలో ‘దృఢ వస్తువు’ అని ఆకారం మారని వస్తువును ఎప్పుడో అనేశారు. కాబట్టి టఫ్‌నెస్ అనే తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వాడినప్పుడు ‘పగులును తట్టుకునే శక్తి’ అని వివరించండి. తప్పుదారి పట్టించే తెలుగు మాట కంటే అర్థమయ్యే అరువు మాట మేలని నా అభిప్రాయం.

ఇక స్టిఫ్‌నెస్‌కు దృఢత్వం, స్ట్రెంత్‌కు బలం. ఈ రెంటి మధ్య తేడా ఒక జెమ్ క్లిప్పుతో చేతికే తెలుస్తుంది. క్లిప్పు తీగను వేలితో కొద్దిగా పక్కకు నెట్టి వదలండి, తిరిగి యథాస్థానానికి వస్తుంది. ఆ కొద్దిపాటి వంపుకు ఎంత గట్టిగా నెట్టాల్సి వచ్చిందన్నది దృఢత్వం. ఇంకా గట్టిగా నెడితే ఒక దశలో తీగ లొంగిపోతుంది, వదిలినా వంగే ఉంటుంది. ఎక్కడ లొంగిందన్నది బలం. తీగలాంటి ఇలాంటి లోహం తెగడానికి ముందే లొంగుతుంది కాబట్టి ఇంజనీర్లు చాలాసార్లు ఈ హద్దునే లెక్కలోకి తీసుకుంటారు. అదే చోట అటూ ఇటూ పదేపదే వంచండి, ప్రతిసారీ ఇంకాస్త మొరాయిస్తుంది, వేడెక్కుతుంది, చివరికి పుటుక్కున విరుగుతుంది. మొరాయించడం అంటే ఆ చోట బలం పెరిగిందన్నమాట. దృఢత్వం మాత్రం పెరగలేదు. ఇది చాలామంది గమనించరు. మెత్తటి ఉక్కు 250 మెగాపాస్కల్స్ (ప్రమాణ వైశాల్యం మీద పడే బలానికి కొలత; గిగాపాస్కల్ దీనికి వెయ్యి రెట్లు) దగ్గర లొంగితే, వేడిచేసి చల్లార్చి పదును పెట్టిన ఉక్కు 1000 దాటినా లొంగదు. కానీ రెండింటి యంగ్ గుణకమూ, అంటే దృఢత్వాన్ని కొలిచే అంకె, దాదాపు 200 గిగాపాస్కల్సే. దృఢత్వం పరమాణువుల మధ్య బంధాలను బట్టి ఉంటుంది, పదును పెడితే ఆ బంధాలు పెద్దగా మారవు. బలం స్ఫటికంలో, అంటే లోహం లోపలి క్రమమైన అమరికలో, పరమాణువుల వరుసలు జారడాన్ని బట్టి ఉంటుంది, దాన్ని అడ్డుకునే మార్గాలు చాలా ఉన్నాయి.

ఆ జారడానికి కారణమైన లోపాన్ని, అంటే వరుస తప్పిన చోటును, డిస్‌లొకేషన్ అంటారు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే శాస్త్రవేత్తలు ముగ్గురూ ఎవరికి వారు ఈ ఆలోచనకు వచ్చారు. దీన్ని ‘స్థానభ్రంశం’ అని మాత్రం రాయకండి. ఇంటర్ భౌతిక శాస్త్రంలో వస్తువు కదిలిన దూరానికి, దిశకు ఆ మాట వాడేశాం.

ఇప్పుడు రబ్బరు సంగతి. స్థితిస్థాపకతను సాగే గుణం అనుకోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. మాటను విడదీసి చూడండి, స్థితి, స్థాపకత. ఉన్న స్థితిని తిరిగి నెలకొల్పడం. అందులో సాగడం అన్న ఊసే లేదు. తిరిగి రావడమే ఉంది. ఈ పదం కల్పించిన వారెవరో గానీ వారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. సాగడం అన్న మన క్రియలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి: సాగి వెనక్కి రావడం, సాగి అలాగే ఉండిపోవడం. మొదటిది స్థితిస్థాపకత, రెండోదాన్ని పాఠంలో ప్లాస్టిక్ వికృతి అంటారు (వికృతి అంటే ఆకారంలో వచ్చిన మార్పు). ఇక్కడ ప్లాస్టిక్ అంటే బకెట్లు చేసే సరుకు కాదు, ‘మలచదగినది’ అనే గ్రీకు అర్థం. రబ్బరూ వెనక్కి వస్తుంది కదా అంటారా, నిజమే. పుస్తకం పోల్చేది మరొకటి: అంతే వికృతికి లోపలి నుంచి ఎంత బలంగా వెనక్కి లాగుతోందని. ఉక్కుది 200 గిగాపాస్కల్స్, మామూలు రబ్బరుది 0.1 కూడా ఉండదు. మీరైతే ‘ఉక్కు యంగ్ గుణకం ఎక్కువ’ అని రాయండి. అలా రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

స్ట్రెస్‌కు ఒత్తిడి పనికిరాదు. పరీక్షల టెన్షన్‌కు ఆ మాట బాగానే ఉంటుంది. కానీ ఒత్తడం నుంచి వచ్చింది ఒత్తిడి, తీగను రెండు కొసలా లాగుతున్నప్పుడు అక్కడ ఒత్తేదేముంది? పాఠ్యపుస్తకాల్లోని ‘ప్రతిబలం’ చక్కటి మాట, బయటి బలానికి లోపల ఎదురు నిలిచేది అని, ప్రమాణ వైశాల్యానికి లెక్క. స్ట్రెయిన్‌కు ‘వికృతి’. ఇది వినగానే వికారం గుర్తొచ్చి కొందరు జంకుతారు. మీరు తెలుగు వ్యాకరణం గుర్తు చేసుకోండి. ప్రకృతి, వికృతి చదివారు కదా, రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. వికృతి అంటే మొదటి రూపం నుంచి మారిన రూపం, అంతే. మీటరు తీగ ఒక మిల్లీమీటరు సాగితే వికృతి 0.001. పొడవును పొడవుతో భాగించాం కాబట్టి దానికి ప్రమాణం ఉండదు.

అడగకపోయినా ఒకటి చెబుతాను, ఎందుకంటే ముందు ముందు తడబడతారు. తీగగా సాగే గుణం తాంతవత, తంతువు నుంచి. రేకుగా సాగే గుణం స్తరణీయత, పరచుకోవడం నుంచి. రెండూ ఒకటి కావు. సీసాన్ని సుత్తితో రేకుగా సాగగొట్టొచ్చు, తీగ తీయబోతే తెగిపోతుంది.

మీ చివరి ప్రశ్న. ‘తనం’లోని త కొన్ని మాటల తర్వాత ద అవుతుంది: చల్లదనం, తెల్లదనం, కమ్మదనం. కొన్నిటి తర్వాత మారదు: మంచితనం, చిన్నతనం. గట్టి దగ్గర వాడుక రెండు వైపులా ఉంది, కాబట్టి గట్టితనం, గట్టిదనం రెండూ ఒప్పే. ఒక జవాబులో ఏదో ఒకటే వాడండి, ఆ ముందు వరసలో దిగదు, తెగదు, వంగదు, పగలదు అన్న నాలుగింటిలో ఏదో తేల్చి రాయండి.