బడి మానాలా, ఓపెన్ స్కూల్లో చేరాలా?

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి బడి మానేసి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్తూ ఓపెన్ స్కూల్ ద్వారా పరీక్ష రాస్తానంటున్నాడు. ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఉంటుందమ్మా. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ఇచ్చే పదో తరగతి సర్టిఫికెట్ రెగ్యులర్ సర్టిఫికెట్‌తో సమానమే. 14 ఏళ్లు నిండినవారు అందులో చేరి, 5 ఏళ్లలోగా ఒక్కొక్క సబ్జెక్టుగానైనా పూర్తి చేసుకోవచ్చు. అయితే ఆ వెసులుబాటులోనే చిక్కు కూడా ఉంది: రోజూ అడిగే మాస్టారు లేనప్పుడు, షిఫ్టు ముగించుకుని అలసి వచ్చిన పిల్లవాడు పుస్తకం తెరవడం, నా ఉద్దేశంలో, చాలా అరుదు. మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఇప్పుడు బడి మాన్పించకండి. ఒకవేళ తప్పినా సప్లిమెంటరీ ఉంది, ఆ తరువాత ఓపెన్ స్కూల్ ఎలాగూ ఉంటుంది.