గోధుమ మానేశాక పరీక్ష చేయిస్తే జబ్బున్నా నార్మల్ రావొచ్చు!

ప్రశ్న: చాలాకాలంగా కడుపుబ్బరం, విరేచనాలు. హిమోగ్లోబిన్ 9 దాటడం లేదు. గోధుమ పడట్లేదేమోనని రెండు నెలల కింద చపాతీ మానేసి జొన్నరొట్టె తింటున్నాను. ఇప్పుడు టీటీజీ పరీక్షలో నార్మల్ వచ్చింది. సీలియాక్ లేనట్టేనా?
– పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఈ రిపోర్టును పట్టుకుని లేదని చెప్పలేం. సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు. ఈ జబ్బున్నవాళ్లు గ్లూటెన్ తింటున్నంత కాలం వాళ్ల శరీరంలో తయారయ్యే యాంటీబాడీలను టీటీజీ ఐజీఏ పరీక్ష కొలుస్తుంది. తినడం మానేస్తే అవి నెలల్లో తగ్గిపోతాయి. కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి మళ్లీ గోధుమ మొదలుపెట్టండి. రోజూ రెండు చపాతీలు, అంటే సుమారు 60 గ్రాముల పిండి, 6 నుంచి 8 వారాలు తిన్నాక రక్తం ఇవ్వండి. మధ్యలో బాధ తట్టుకోలేకపోతే మొండికేయొద్దు, డాక్టర్‌ను కలిసి ముందే పరీక్ష చేయించుకోండి. రక్తహీనతకు మందులు మాత్రం అంతదాకా ఆపొద్దు.

అదే శాంపిల్‌లో మొత్తం ఐజీఏ కూడా చూడమని ల్యాబ్‌లో అడగండి. ఐజీఏ అనేది ఒక రకం యాంటీబాడీ, కొందరికి పుట్టుకతోనే అది ఉండదు. వాళ్లకు జబ్బున్నా టీటీజీ ఐజీఏ నార్మలే చూపిస్తుంది. అలాంటప్పుడు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని చూసే డీజీపీ ఐజీజీ గానీ టీటీజీ ఐజీజీ గానీ చేయించాలి. పరగడుపున వెళ్లక్కర్లేదు. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి, కిట్టును బట్టి హద్దు మారుతుంది.

పాజిటివ్ వచ్చినా వెంటనే గోధుమ మానొద్దు. ఎండోస్కోపీ అయ్యేదాకా తినాల్సిందే. చిన్నపేగు పైభాగం నుంచి కనీసం 4 ముక్కలు, దాని మొదట్లోని ఉబ్బు భాగం నుంచి 1–2 ముక్కలు తీయాలి. పేగు అంతటా ఒకేలా దెబ్బతినదు, ఒక్క ముక్కతో సరిపెడితే జబ్బు తప్పించుకుంటుంది.

గోధుమ అసలు తినలేకపోతే డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష ఉంది. దానికి తిండితో సంబంధం లేదు. రెండూ లేకుంటే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు, ఆ జన్యువులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఉంటాయి.

ఇంకో మాట. జొన్నల్లో గ్లూటెన్ లేదు గానీ, గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలూ పట్టిస్తే పిండి కలుస్తుంది. ఇంగువ పొడిలో కూడా తరచూ గోధుమ పిండి కలుపుతారు, డబ్బా మీద చదవండి. జబ్బు ఖాయమైతే ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: వందల రకాల తిండి పదార్థాలకు ఐజీజీ ప్యానెల్ చేయించాను. గోధుమ, పాలు, గుడ్డు ఎర్రగా వచ్చాయి. పాలు తాగితే గ్యాస్ వస్తుంది, పెరుగు మాత్రం పడుతుంది. అన్నీ మానెయ్యాలా?
– పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మానొద్దు. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మీరు తిన్నారని అర్థం, అంతే. రోజూ తినేవే ఎర్రగా వస్తాయి. జబ్బు నిర్ధారణకు దీన్ని వాడొద్దని యూరప్, అమెరికా, కెనడా అలర్జీ వైద్య సంఘాలు ఎప్పుడో చెప్పాయి. డబ్బు దండుగ.

అలర్జీ అనుమానముంటే చూడాల్సింది ఐజీఈ అనే వేరే యాంటీబాడీని. తిన్న రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు ఉంటేనే దానికి అర్థముంది. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షకైతే సెట్రిజిన్ లాంటి మాత్రలు వారం ముందే ఆపాలి, రక్తపరీక్షకు అక్కర్లేదు.

మీ లక్షణాలు పాలలోని ప్రొటీన్ వల్ల కాదు, లాక్టోజ్ అనే చక్కెర వల్ల కావచ్చు. పెరుగు తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది. రెండు వారాలు పాలు మానేసి, తర్వాత గ్లాసు పాలు తాగి చూడండి. తేలకపోతే హైడ్రోజన్ శ్వాస పరీక్ష చేయించుకోండి. దానికి నెల ముందు నుంచి యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు.

ప్రశ్న: ఆవు పాలు పడక 9 నెలల బాబుకు విరేచనంలో రక్తపు చారలు వస్తున్నాయి. ఐజీఈ నార్మల్. బర్రె పాలు పట్టొచ్చా?
– పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వద్దు. బర్రె, మేక పాల ప్రొటీన్లు ఆవు పాలవాటిని పోలి ఉంటాయి, ఎక్కువమంది పిల్లలకు అవీ పడవు. ఈ రకం అలర్జీ ఐజీఈలో కనబడదు, దీన్ని తేల్చే రక్తపరీక్షే లేదు. పిల్లల డాక్టర్ పర్యవేక్షణలో 2 నుంచి 4 వారాలు ఆవు, బర్రె, మేక పాలు పూర్తిగా ఆపాలి. రక్తం ఆగితే మళ్లీ పట్టి చూడాలి. తిరిగి వస్తే నిర్ధారణ అయినట్టు. తల్లిపాలు మానకండి, మీరు కూడా పాలు, పెరుగు, నెయ్యి మానాల్సి రావొచ్చు. అప్పుడు మీకు క్యాల్షియం మాత్రలు అడిగి తీసుకోండి.