పాత మాస్టర్ల బొమ్మను కాపీ చేస్తే ఆయిల్ పోర్ట్రెయిట్ వేయడం వస్తుందా?

వస్తుంది, కాకపోతే పైకి కనిపించే రంగుల్ని కాకుండా ఆ బొమ్మ వేసిన వరసను కాపీ చేయాలి. ఆయిల్ రంగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి పాత చిత్రకారుల్లో చాలామంది ముఖాన్ని పొరలుగా కట్టేవారు: ముందు గోధుమ, నలుపు రంగులతో వెలుగునీడలు, ఆరాక ఒంటి రంగు, చివర్లో మెరుపులు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేస్తే పోలిక, వెలుగు, రంగు అన్నీ ఒకేసారి మీద పడతాయి. కాపీలో ఆ టెన్షన్ తక్కువ. వెలుగు ఎటునుంచి పడాలో ఆ బొమ్మ వేసిన చిత్రకారుడు ముందే తేల్చి పెట్టాడు.

1665 ప్రాంతంలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ‘ముత్యపు చెవిపోగు అమ్మాయి’ బొమ్మనే తీసుకోండి. ఆ ముత్యానికి చుట్టూ గీత లేదు, చెవికి తగిలించే కొక్కెమూ లేదు. పైన చిక్కటి తెల్లచుక్క, కింద తెల్ల కాలర్ ప్రతిఫలించిన పల్చటి మెరుపు, అంతే. ముక్కుకూ అవతలి చెంపకూ మధ్య కూడా గీత కనిపించదు, రెండూ ఒకే రంగులో కలిసిపోతాయి. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే గీత గీసి ముఖాన్ని కొయ్యబొమ్మ చేస్తారు.

కాపీ అంటే దొంగతనం అనుకోవడం పెద్ద అపోహ. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం అనుమతి తీసుకున్నవాళ్లను గ్యాలరీలోనే కాపీ చేసుకోనిస్తుంది, అసలు సైజులో మాత్రం వేయనివ్వదు. ఇంకో పొరపాటు, ఇప్పుడు కనిపించే రంగే అసలు రంగనుకోవడం. వెర్మీర్ వేసిన ఆ అమ్మాయి వెనక నల్లగా ఉన్నది ఒకప్పుడు ఆకుపచ్చ తెర.