గేదె కాళ్లు విదిలిస్తుంటే మేత తొట్టె కింద చూడండి

ప్రశ్న: మాది ముమ్మిడివరం మండలం. రెండు ముర్రా గేదెలున్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి ఈగలు వాటిని వదలడం లేదు. వీపు మీద కుట్టిన చోట నెత్తురు కారి దద్దుర్లు లేస్తున్నాయి. పాలు పితికేటప్పుడు కాళ్లు విదిలిస్తూ గిన్నె తన్నేస్తున్నాయి. నిన్న నా ముంజేతి మీదా కుట్టి వాచింది. వరికి కొట్టే పురుగుమందు పలచగా కలిపి గేదెలకు రాయమని పక్క రైతు చెబుతున్నారు. రాయవచ్చా?
– ఒక రైతు

జవాబు: రాయకండి. ఎంత పలచగా కలిపినా పైరు మందు పైరు మందే. చర్మం నుంచి ఒంట్లోకి ఇంకుతుంది, గేదె ఒళ్లు నాకితే కడుపులోకీ పోతుంది. చొంగ కారుస్తూ వణికి పడిపోయిన గేదెను నిలబెట్టడం మాకూ కష్టమే.

మీరు రాసినదాన్ని బట్టి అక్కడ ఉన్నవి రెండు రకాల ఈగలు. వీపు మీద వాలేది జోరీగ. అందులోనూ ఆడదే నెత్తురు తాగుతుంది. దోమలా సూది గుచ్చదు, చర్మాన్ని కోస్తుంది. అందుకే అది లేచిపోయాక కూడా నెత్తురు కారుతూనే ఉంటుంది. కాళ్లను పట్టేది వేరే ఈగ. చూడటానికి ఇంట్లో ఈగలాగే ఉంటుంది. ఒకదాన్ని కొట్టి అరచేతిలో పెట్టుకుని చూడండి, తల ముందుకు నల్లని ముల్లు పొడుచుకు వచ్చి ఉంటుంది.

దద్దుర్లకు పెద్ద వైద్యం అక్కర్లేదు. పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు వచ్చేంత మాత్రమే కలిపిన నీటితో కడిగి, ఆరాక వేపనూనె రాయండి. వాపు ఎక్కువగా ఉంటే చల్లని తడిగుడ్డ వేయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పుండులో పురుగులు కనిపించినా పశువైద్యునికి చూపించండి.

అసలు పని పాకలో ఉంది. కాళ్లను కుట్టే ఈగ గుడ్లు పెట్టేది మేత తొట్టె కింద, మూత్రం, పేడ కలిసి కుళ్లిన వరిగడ్డిలో. ఈ ఉక్కలో గుడ్డు ఈగ కావడానికి రెండు మూడు వారాలు చాలు. మిగిలిన గడ్డిని మూడు నాలుగు రోజులకొకసారి పూర్తిగా ఎత్తి, ఎండ ఉంటే పలచగా ఆరబెట్టండి. పేడకుప్పను పాకకు దూరంగా వేసి పాలిథిన్ పట్టా కప్పండి. వేపాకు పొగ అది ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఎక్కువైతే గేదెలు దగ్గుతాయి.

జోరీగ పుట్టేది కాలువగట్ల బురదలో. డెల్టాలో దాన్ని మనం మాన్పలేం. అది ఎండలో విజృంభిస్తుంది కనుక ఎండ వేళ గేదెలను నీళ్లలో పడుకోనివ్వండి. బురద పూతను మించిన కవచం లేదు. మందు తప్పదనుకుంటే పశువుల కోసం అమ్మే 1.25 శాతం డెల్టామెత్రిన్‌ను లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, సాయంత్రం పాలు పితికాక, పొదుగుకు, కళ్లకు తగలకుండా పిచికారీ చేయండి. మర్నాడంతా ఆ గేదెలను నీళ్లలోకి వదలకండి. మందు కడుక్కుపోవడం ఒక నష్టం, చేపలకు, రొయ్యలకు అది ప్రాణాంతకం కావడం ఇంకా పెద్ద నష్టం. పక్క చెరువు వారితో తగవు మీకెందుకు?

మీ ముంజేతిని సబ్బుతో కడిగి చల్లని గుడ్డ వేయండి, గోకకండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. పెదవులు, కళ్లు వాచి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జోరీగలు ఒక గేదె నెత్తురు నుంచి మరో గేదెకు సర్రా వ్యాధిని మోస్తాయి. ఇది నెత్తురులో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. మేత తింటున్నా చిక్కిపోవడం, జ్వరం వచ్చిపోతుండటం, పాలు పడిపోవడం, గుండ్రంగా తిరగడం, తలను గోడకు ఆనించడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోను చేయండి. నెత్తురు పరీక్షకు జ్వరం ఉన్నప్పుడే నమూనా తీయించండి. జ్వరం దిగాక తీస్తే పరాన్నజీవి కంటపడకపోవచ్చు.