బీపీ మాత్రతో హిమోగ్లోబిన్ తగ్గుతుందా?

కావలి నుంచి ఒకరి ప్రశ్న: నాన్నగారికి టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ 13.4 నుంచి 12.8కి దిగింది, బీపీ మాత్రకీ రక్తానికీ ఏం సంబంధం?

సంబంధం ఉంది, అదీ కిడ్నీ దగ్గరే. తనకు వచ్చే రక్తం ఒత్తిడి తగ్గితే కిడ్నీ రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది. దాంతో యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ తయారై రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. చాలామందికి తెలిసింది ఇంతవరకే. ఈ యాంజియోటెన్సిన్-2 ఎరిత్రోపోయెటిన్ అనే ఇంకో హార్మోన్‌ని కూడా పెంచుతుంది. ఎర్రకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకు చెప్పేది ఈ ఎరిత్రోపోయెటినే. ఎక్కువ భాగం కిడ్నీలోనే పుడుతుంది. పైగా ఎర్రకణాలుగా మారబోయే మజ్జ కణాల మీద యాంజియోటెన్సిన్-2కి నేరుగా గ్రాహకాలున్నాయి, అంటే అది వచ్చి అతుక్కుని పని చేయించే చోట్లు.

టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఆ గ్రాహకాలను అడ్డుకుంటాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మాత్రలైతే యాంజియోటెన్సిన్-2 తయారీనే తగ్గిస్తాయి. కిడ్నీ మార్పిడి తర్వాత కొందరికి ఎర్రకణాలు మరీ పెరిగిపోతాయి; అప్పుడు డాక్టర్లు కావాలనే ఈ మాత్రలు ఇస్తారు!

మామూలుగా తగ్గేది అర గ్రామో, గ్రామో. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మార్పు నెలల మీద బయటపడుతుంది. ఈ 0.6 కోసం మాత్ర మానేయొద్దు, డాక్టరు చెవిన మాత్రం వెయ్యండి. ఇంకా పడిపోతుంటే నెపం మాత్ర మీద పెట్టి ఊరుకోకుండా ఐరన్, బి12, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా వినిపించే కనిగిరి, పామూరు వైపు వాళ్లయితే ముందు క్రియాటినినే.